మంగళం లేని పాట

ఫిబ్రవరి 2

నాకేమీ బాధ లేదు. ముందు ఈ మాట రాసి పెట్టుకుంటే మిగతాది నిదానంగా రాసుకోవచ్చు.

చిక్కబళ్ళాపురం కేశవమూర్తికి ఫోన్ చేశాను. బజార్‌లో ఆయనది బట్టల అంగడి. కూతురు వర్ష పెళ్ళి ఏప్రిల్‌లో అని విన్నాను కాబట్టి, తేదీ కనుక్కుని మా ఆర్కెస్ట్రా పిల్లలకు చెప్పుకుందామని. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా మేమే. వర్ష నామకరణానికి కూడా నేనే కీబోర్డ్ వాయించాను. అప్పటికి నాకు మీసం సరిగ్గా రాలేదు.

"ఏమనుకోవద్దు పురుషోత్తమ్. పిల్లలంతా చైత్ర బ్యాండే కావాల అంటాండారు. మీ అక్క కూతురే కదప్పా, ఎవురైతే ఏమి, మీ ఇంట్లోనే ఉండాది కదా ఆ పాట," అన్నాడు.

సంతోషం అన్నాను. నిజంగానే అన్నాను. ఫోన్ పెట్టాక కాఫీ తాగలేకపోయాను. పాలు విరిగినట్టున్నాయి. మా ఆవిడ అవే పాలతో తను తాగింది, ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 9

చైత్ర చింతామణిలో నా దగ్గరికి వచ్చింది. ఒక అంగడి మేడ మీద నేను కీబోర్డ్ నేర్పే గదిలో, చిన్నప్పుడు తను కూర్చున్న బెంచీ మీదే కూర్చుంది. సెలవుల్లో వచ్చి సరిగమలు ఈ గదిలోనే నేర్చుకుంది, నా దగ్గరే. ఇప్పుడు బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం, శని ఆదివారాలు బ్యాండ్. మా సొంతూరు పాతపాళ్యలో మా నాన్న పాడే భజన పాటలు తీసుకుని వాటి కింద డ్రమ్స్, గిటార్ పెడుతుంది. మధ్యలో పునీత్ అనే అబ్బాయి కన్నడలో ర్యాప్ చెప్తాడు. జనం పడి చస్తున్నారు.

ఈ ఆలోచన నీకెట్లా వచ్చింది పాపా అని అడిగాను. నా పేరు చెప్తుందేమోనని ఒక మూల ఆశ.

"మెక్సికో వాళ్ళని చూసి మామా."

"మెక్సికోకీ పాతపాళ్యకీ ఏమి సంబంధం?"

"అమెరికాలో పుట్టిన మెక్సికో పిల్లలు మామా. టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో. ఇంట్లో స్పానిష్, స్కూల్‌లో ఇంగ్లిష్. మనం ఇంట్లో తెలుగు, స్కూల్‌లో కన్నడ లేదా? అట్లనే. తాతలు పాడిన పాటల్నే తీసుకుంటారు. రాక్ పెడతారు, ర్యాప్ పెడతారు. ఒకే పాటలో రెండు బాసలూ ఉంటాయి. పాటని మార్చరు మామా. అది కూర్చునే చోటు మారుస్తారు, అంతే."

వీడియోలు పంపుతానంది. నాకు అట్లాంటివి చూసే తీరిక లేదన్నాను.

ఫిబ్రవరి 10

చూడలేదు.

ఫిబ్రవరి 11

చూశాను. పొద్దున మొదలుపెట్టి క్లాసుకు పిల్లలొచ్చేదాకా చూశాను.

అకార్డియన్. మెడకు తగిలించుకుని వాయించే హార్మోనియం అనుకోవచ్చు. లోపలి రీడ్లూ గాలీ ఒకే సూత్రం. అది వాళ్ళది కూడా కాదట, టెక్సాస్‌లో స్థిరపడిన జర్మన్ వాళ్ళ దగ్గర పట్టుకున్నారు. మన హార్మోనియం తెల్లవాళ్ళ దగ్గర నుంచి వచ్చినట్టే. పక్కన పన్నెండు తీగల గిటార్ ఒకటి. తాతల కాలంలో సరిహద్దు దగ్గర జరిగిన కాల్పుల మీద, గుర్రాల మీద, పోయిన పొలాల మీద కట్టిన పాటలు. వాటికి ఇప్పటి పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ తగిలించారు. కింద ఎంత హడావుడి ఉన్నా పాత పాట నడక చెడలేదు. ఆ నడక మీద వాళ్ళు చెయ్యి వెయ్యరు, అదీ కిటుకు. సంగీతం తెలిసినవాడిని కాబట్టి ఒప్పుకోవాలి.

ఒక వీడియోలో ముప్పై ఏళ్ళవాడు అకార్డియన్ వాయిస్తున్నాడు. పక్కన కుర్చీలో టోపీ పెట్టుకుని వాళ్ళ తాత పాడుతున్నాడు. ముసలాయన చరణం మరిచిపోతే మనవడు నవ్వి అందించాడు. ముసలాయన వాడి తొడ మీద ఒకటి చరిచాడు. అది మాత్రం పదిసార్లు చూసి ఉంటాను. ముక్కూ మొహం తెలియని టెక్సాస్ వాడి మీద నాకు ఇంత మంట ఎందుకు?

స్కూల్‌లో నా కన్నడలో తెలుగు యాస వినిపిస్తుందని నవ్వేవాళ్ళు. అందుకే స్టేజీ మీద ఎప్పుడూ కన్నడ సినిమా పాటలే పాడాను, అచ్చం రికార్డులో ఉన్నట్టు. తెలుగు భజన పాట స్టేజీ ఎక్కించవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. చైత్రకు మాత్రం ఎవరు చెప్పారు? మెక్సికో వాళ్ళు చెప్పారు. నాకు ఆ కాలంలో ఫోన్ లేదు, అంతే తేడా.

అంతే తేడా.

ఫిబ్రవరి 20

పాతపాళ్య వెళ్ళాను. నాన్న వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. ఆంజనేయప్ప భజన అంటే బాగేపల్లి తాలూకాలో తెలియని ఊరు లేదు. ఇప్పటికీ గొంతు కంచు.

ఉగాదికి బాగేపల్లిలో మా ప్రోగ్రామ్ ఉంది, నా పక్కన కూర్చుని ఒక్క పాట పాడు నాన్నా అని అడిగాను. ఎలా అడిగానో నాకే తెలుసు.

"ఆ సినిమా పాటల నడుమ నేనేం చేసేదిరా," అన్నాడు.

"చైత్ర పిలిస్తే?"

"అది పిలిస్తే పోతా. అది నా పాటలే పాడతాండాది కదా."

నాకు కావలసింది పేరు కాదు, ప్రోగ్రాములూ కాదు. మా నాన్న ఒక్కసారి నలుగురి ముందు నా పక్కన కూర్చుని పాడాలి. నలభై మూడేళ్ళవాడు ఇట్లాంటిది రాసుకుంటే నవ్వొస్తుంది. కానీ ఉన్నది అదే. ఆ ఒక్కటీ ఆ పిల్ల అడగకుండానే పట్టుకుపోతోంది.

మార్చి 4

నాన్న పాడినవి నా ఫోన్‌లో ఉంటే పంపమని చైత్ర మెసేజ్ పెట్టింది. అన్నీ పంపాను. నేను పిసినారిని కాను.

మార్చి 6

ఇందాక మళ్ళీ మెసేజ్.

"మామా, ఇది సూపర్ ఉండాది. వర్షని అత్తగారింటికి పంపేటప్పుడు పాడతా. ఈ పాట యాడ పాడతారు? తాతకి మాత్రం చెప్పొద్దు. ఆ పొద్దు వచ్చి విని సంతోషపడాల."

కింద పాట.

తెల్లారె తెల్లారె లేవమ్మా, తోవ సల్లగుండాది
మూటాముల్లె ఏమొద్దమ్మా, ముందరూరు పిలిచింది
ఎనక్కి తిరిగి సూడొద్దమ్మా, ఏడ్చేవాళ్ళు ఏడ్వనీ

ఆ రికార్డింగ్ చేసింది మా ఊరి పుట్టమ్మవ్వ చనిపోయిన పొద్దు. రాత్రంతా భజన జాగారం చేసి, తెల్లవారాక శవాన్ని లేపే ముందు నాన్న పాడాడు. ఆ పాటకు వేరే చోటు లేదు, శవం లేచే వాకిలి ఒక్కటే. భజన ఎక్కడ జరిగినా చివర మంగళం పాడి ముగిస్తారు, ఆ వాకిట్లో మాత్రం మంగళం పాడరు. మా ఊళ్ళో భజనకు కూర్చునే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. చైత్రకు తెలియదు. చిక్కబళ్ళాపురంలో పెరిగింది, చిన్నపిల్లల్ని జాగారాలకు తీసుకుపోరు.

 జవాబు రాశాను.

"మంచి పాట. పాడు."

మార్చి 7

మంచి పాటే కదా. అందులో అబద్ధం ఏముంది? ఇంత తెలివైన పిల్ల, మెక్సికో దాకా వెళ్ళి కనుక్కుంది, పక్క తాలూకాలో కనుక్కోలేదా? వాళ్ళ అమ్మను అడగవచ్చు. గూగుల్‌ని అడగవచ్చు.

మార్చి 15

రిహార్సల్ ఆడియో పంపింది. ప్రాక్టీస్ అంతా బెంగుళూరులోనే, మా అక్క కూడా వినలేదట.

బాగుంది. బాగుంది అని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ బాగుంది. కీబోర్డ్‌లో అకార్డియన్ శబ్దంతో మొదలుపెట్టింది. పల్లవి దాకా డ్రమ్ లేదు, తోవ అన్న మాట దగ్గర ఒక్క దెబ్బ. పునీత్ కన్నడలో కూతురిని పంపే తండ్రి మాటలు చెప్తాడు. నాన్న నడక ఎక్కడా చెడలేదు.

రెండో చరణంలో గాంధారం కొంచెం తప్పింది. సరిచేసి, నేను వాయించి పంపాను. "థాంక్స్ మామా, నువ్వు లేకపోతే ఎట్ల," అంది.

మార్చి 30

చైత్రకు చెప్పాలని ఫోన్ తీశాను. ఉగాది ప్రోగ్రామ్‌లో కుర్చీలు సగం ఖాళీగా ఉండటం గుర్తొచ్చింది. పెట్టేశాను.

"ఎవురికి ఫోన్ చేసేది, ఎవురితో పోట్లాడేది? నీ మొగమే బాగలేదు," అంది మా ఆవిడ. ఎండలు అన్నాను.

ఏప్రిల్ 19

రేపు. ఒకవేళ పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఎవరికీ ఆ పాట తెలియకపోతే? అంతా బెంగుళూరు చుట్టాలే ఉంటే? అప్పుడు ఏమీ జరగదు.

అదే మంచిది అని రాయాలి. రాశాను.

ఏప్రిల్ 20

రాస్తాను. జరిగింది జరిగినట్టు.

చిక్కబళ్ళాపురం కల్యాణ మంటపం. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. భోజనాలు ముగిశాయి. చైత్ర కారు పంపించి నాన్నను పిలిపించింది. ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. "ఏమో కొత్తది పాడతాదంట, నాకు చెప్పలేదు దొంగముండ," అని మురిసిపోతున్నాడు.

మంటపం గుమ్మం దగ్గర అలంకరించిన కారు. వర్ష తన అవ్వ అంబుజమ్మ కాళ్ళకు దండం పెట్టి లేచింది. అకార్డియన్ శబ్దం మొదలైంది. చైత్ర కళ్ళు మూసుకుని, తెల్లారె తెల్లారె లేవమ్మా, అంది.

నాన్న చెయ్యి నా మోచేతి మీద పడింది. నేను కదల్లేదు.

అంబుజమ్మ పుట్టిల్లు బాగేపల్లి. ఆమె వర్ష రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆపండి! ఎవురే అది? నా మనవరాలు బతికి ఉండాది! శవాన్ని లేపేటప్పుడు పాడేది పెండ్లిలో పాడతారా?"

బాగేపల్లి వైపు చుట్టాలు లేచి నిలబడ్డారు. మిగతావాళ్ళకు అర్థం కాక వాళ్ళనే అడుగుతున్నారు. అర్థమైన ఆడవాళ్ళు పిల్లల చెవులు మూశారు. కేశవమూర్తి స్టేజీ మీదికి వెళ్ళి చైత్ర చేతిలో మైకు లాక్కున్నాడు. "మీ తాత ముత్తాతలు నేర్పింది ఇదేనా? నా బిడ్డ తోవలో ఏమన్నా అయితే ఎవురు జవాబు?" అని అరిచాడు. చైత్రకు ఏమి తప్పు జరిగిందో తెలియదు. ఊరికే "సార్, సార్" అంటోంది. మగపెళ్ళివారు కారు దగ్గరి నుంచి వెనక్కి వచ్చారు. వర్ష ఏడుస్తోంది, ఏమైందవ్వా, ఏమైందని.

నేను అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. 

నాన్న లేచాడు. స్టేజీ ఎక్కలేదు, నేరుగా అంబుజమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"అమ్మా, పాట అయిపోలేదు. సగంలో ఆపితే దోషం. నన్ను ముగించనీ."

"ఆ పాటకి ముగింపు యాడుండాది ఆంజనేయప్పా?"

"పెడతా తల్లీ."

మైకు లేకుండా ఎత్తుకున్నాడు. ఎనక్కి తిరిగి సూడొద్దమ్మా అనే చోట, ఎనక్కి తిరిగి సూడమ్మా, ఏటేటా రావమ్మా, పండక్కి రావమ్మా, పురిటికి రావమ్మా అని అప్పటికప్పుడు కట్టాడు. వర్ష పేరు పెట్టి, పెళ్ళికొడుకు పేరు పెట్టి, రెండు ఊళ్ళ పేర్లూ పెట్టి మంగళం పాడాడు. ఆ పాటకు మంగళం పాడటం నేను పుట్టి ఇన్నేళ్ళలో వినలేదు. ర్యాప్ చెప్పే పునీత్ మెల్లగా డ్రమ్ మీద చేత్తో తాళం అందుకున్నాడు. బాగేపల్లి వాళ్ళు చప్పట్లు కలిపారు. అంబుజమ్మ హారతి తెప్పించింది, ఉప్పు దిగదుడిచి పారబోయించింది. వర్షను లోపలికి తీసుకువెళ్ళి దేవుడి ముందు కూర్చోబెట్టి, మళ్ళీ కొత్తగా పంపినట్టు పంపింది. అయినా చైత్ర వైపు చూడలేదు, తాంబూలం ఇవ్వలేదు.

బస్టాండుకు నడుస్తుంటే నాన్న అడిగాడు.

"ఆ రికార్డింగ్ నీది కదరా?"

"నాది."

"నిన్ను అడగలేదా అది?"

అడిగిందన్నాను.

బస్టాండు దాకా నడిచాడు. తరువాత అన్నాడు, "నా మింద కోపముంటే నా మింద చూపించాల. పాప మింద ఉంటే పాప మింద చూపించాల. ఆ పెండ్లికూతురు నీకేం చేసిండాదిరా?"

బాగేపల్లి బస్సు వచ్చింది. నన్ను ఎక్కవద్దని చేత్తో సైగ చేశాడు.

ఏప్రిల్ 21

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. వర్ష గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మంట అంతా నాన్న మీద, చైత్ర మీద, టెక్సాస్‌లో ఎవడో టోపీ తాత మీద. పెళ్ళిలో పెళ్ళికూతురు ఒకతె ఉంటుందని నాకు తోచలేదు.

మే 3

చైత్ర వీడియోలన్నీ తీసేసింది. బ్యాండ్ మానేసిందట. "పాతపాళ్య పాటలు తాకే హక్కు నాకు లేదు. నేను సిటీ దాన్ని," అని వాళ్ళ అమ్మతో చెప్పిందట. నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు, ఎత్తడం లేదు. తప్పంతా తనదే అనుకుంటోంది. నాన్న నా పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు.

శిడ్లఘట్ట నుంచి రెండు, గౌరిబిదనూరు నుంచి ఒకటి బుకింగులు వచ్చాయి. "చైత్ర బ్యాండ్ వద్దప్పా, మీరైతే పద్ధతి తెలిసినవాళ్ళు," అన్నారు.

పద్ధతి తెలిసినవాడిని! ఫోన్ పెట్టాక సంతోషం వేసింది. అవును, వేసింది. దాచి ఎవరికి చూపించాలి?

మే 11

శిడ్లఘట్ట ప్రోగ్రామ్ బాగా జరిగింది. వన్స్ మోర్ అన్నారు. ఇంటికి వచ్చి భోంచేయకుండా పడుకున్నాను.

మే 18

నేను నోరు విప్పితే ఆ పిల్ల మళ్ళీ పాడుతుంది. విప్పకపోతే పాడదు. లెక్క ఇంతే, వేరే చిక్కేమీ లేదు. ఇంత తేలికైనదాన్ని ఇన్ని రోజులు ఎందుకు మోస్తున్నాను? ఎందుకంటే పాడితే మళ్ళీ అందరూ అటే పోతారు. నాన్న అటే పోతాడు.

మే 24

చైత్ర ఇంటికొచ్చి ఉందని విని చిక్కబళ్ళాపురం వెళ్ళాను. అక్క ఇంట్లో లేదు. చైత్ర తలుపు తీసి, "రా మామా," అంది. లోపలికి వెళ్ళలేదు. అరుగు మీదే నిలబడి చెప్పాను.

"అది శవం లేపే పాటని నాకు తెలుసు. నువ్వు అడిగిన పొద్దే తెలుసు."

"తెలిసే పాడు అంటివా?"

"తెలిసే."

"ఎందుకు మామా? కేశవమూర్తి నన్ను పిలిచినాడనా?"

"అది కొంచెం. తాత నీకు పాడతానన్నాడు. నేను అడిగితే రానన్నాడు."

నవ్వుతుందేమో అనుకున్నాను. అరుస్తుందేమో అనుకున్నాను. కుర్చీ పట్టుకుని నిలబడి, నిదానంగా అడిగింది.

"గాంధారం సరిచేసి పంపితివి కదా మామా. ఆ పొద్దు నీ మనసులో ఏముండె?"

నేను అరుగు మెట్టు ఒకటి దిగాను. 

"నెల రోజులుగా నేను మనిషినేనా అనుకుంటా ఉండా. అన్నం తింటే ఆ పెండ్లికూతురి ఏడుపే. నువ్వు ఆడ శిడ్లఘట్టలో వాయించుకుంటా ఉంటివి. పో మామా."

తలుపు వేసింది. కేశవమూర్తి అంగడికి వెళ్ళి ఆయనకూ చెప్పాను, అంబుజమ్మకు చెప్పమన్నాను. ఆయన గజం బద్ద పట్టుకుని నిలబడి, బేరానికి వచ్చినవాళ్ళ ముందే నన్ను తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

మే 25

తేలికపడతాననుకున్నాను. పడలేదు.

జూన్ 7

అక్క ఫోన్ చేసింది. చైత్ర పాతపాళ్యలో ఉందట. ఉద్యోగానికి సెలవు పెట్టి, తాత దగ్గర పాటలన్నీ మొదటి నుంచి నేర్చుకుంటోందట. నన్ను పిలవలేదు. ఎవరూ పిలవలేదు. బస్సెక్కాను.

వాకిట్లోకి వినిపిస్తోంది. ప్రతి పాటకూ ముందు తను అడుగుతోంది.

"ఇది యాడ పాడతారు తాతా?"

"ఇది కలుపు తీసేటప్పుడు."

"స్టేజీ మింద పాడొచ్చా?"

"పాడు. కలుపు తీసేవాళ్ళ పేరు చెప్పి పాడు."

"ఇది?"

"ఇది జాగారంలో, నడిరేయి దాటినాక. దీన్ని స్టేజీకి తీసకపోవద్దు. నువ్వు నేర్చుకుని పెట్టుకో, నాకు పాడాల్సి వస్తాది."

చైత్ర ఏదో అంది, నాన్న నవ్వాడు. ఎప్పుడూ నా మాటకు అలా నవ్వలేదు. బయట చెప్పుల దగ్గర నిలబడితే మళ్ళీ అదే మంట, మొదటిరోజు ఉన్నంత. సిగ్గుపడ్డాను గానీ అది తగ్గలేదు.

అమ్మ నన్ను చూసి లోపలికి కేక వేసింది. పాట ఆగింది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి నాన్న గొంతు.

"వచ్చినోడు వాకిట్లో ఏం చేస్తాండాడు? పెట్టె పట్టుకుని పాడేదానికి నా చేతులు లేస్తాలేవు. వచ్చి శృతి పట్టమను."

వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను. హార్మోనియం నా ముందుకు తోశాడు. వాయించడం కాదు, షడ్జమం నొక్కి పట్టుకుని గాలి కొట్టడమే, కొత్తగా చేరిన పిల్లలకు ఇచ్చే పని. చైత్ర గోడ వైపు చూస్తూ ఎత్తుకుంది, నాన్న కలిశాడు. రెండు గొంతులూ కలిసిన చోట నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమని రాయను. నా గొంతు కూడా అందులో ఉండాలనిపించింది, తెలియకుండానే గాలి గట్టిగా కొడుతున్నాను.

చైత్ర పాట ఆపింది. ఆ పొద్దు తలుపు వేశాక నాతో మొదటి మాట.

"గాలి తగ్గించు మామా. తాత గొంతు వినపడలేదు."

తగ్గించాను.